నేను కూర్చోబెట్టిన రెండు వరసలు

మా బడిలో రెండు గదులు, ఒక పొడుగాటి వరండా, వెనకాల రేకుల వంటగది ఉన్నాయి. బెంగళూరు శివార్లలో బొమ్మసంద్ర ఫ్యాక్టరీల బస్సులు తిరిగే రోడ్డు నుంచి రెండు వీధులు లోపలికి వస్తే కనిపిస్తుంది. కన్నడ మీడియం ప్రభుత్వ బడి, ఒకటి నుంచి ఐదు వరకు. యాభై మందికి కాస్త తక్కువ పిల్లలు. పొద్దున గేటు దగ్గర నిలబడితే వాళ్లు రెండు వైపుల నుంచి వస్తారు. తూర్పున మగ్గాల వీధి. మా తాతల కాలం నుంచి అక్కడ తెలుగువాళ్లు చీరలు నేస్తున్నారు. ఇప్పుడు చేతి మగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి. చప్పుడు మాత్రం గేటు దాకా వినిపిస్తుంది. పడమట కడుతూ ఉన్న అపార్ట్‌మెంట్లు, వాటి వెనక నీలం రేకుల షెడ్లు. అక్కడ ఉండేది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపుల నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లు. రెండు వైపులవాళ్లదీ తెలుగే. బడిలో చదివేది కన్నడం.

నేను మగ్గాల వీధి పిల్లని. ఇదే బడిలో ఐదు వరకు చదివాను. టీచర్ ట్రైనింగ్ అయ్యాక ఇక్కడే గెస్ట్ టీచర్‌గా చేరాను. గెస్ట్ టీచర్ అంటే జూన్‌లో పిలుస్తారు, మార్చిలో పంపేస్తారు. మళ్లీ పిలుస్తారో లేదో మళ్లీ జూన్ వస్తేగాని తెలియదు. నాకు పెద్దవాళ్లతో మాట్లాడటం చేతకాదు. పిల్లల ముందు గొంతు బాగానే వస్తుంది. వాళ్ల అమ్మానాన్నలు ఎదురుపడితే మాత్రం చెప్పాలనుకున్నది ఇంటికి వెళ్లాక డైరీలో రాసుకుంటాను. ఆ డైరీ ఇప్పుడు ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఆ సంవత్సరం మధ్యాహ్న భోజనంలో గుడ్డు మొదలైంది. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు. ఏ పిల్లకు ఏది ఇవ్వాలో ఇళ్లలో అడిగి జాబితా రాయాలి. మా బడిలో ఇద్దరమే టీచర్లం. మా హెడ్ మిస్ రిటైర్మెంట్‌కు దగ్గరలో ఉన్న కన్నడావిడ. మోకాళ్ల నొప్పులు. జాబితా నా చేతికి ఇచ్చి, "నువ్వు ఈ ఊరి అమ్మాయివే కదా, నీకు తెలుగూ వచ్చు. నువ్వే తిరిగి రా" అంది.

రెండు సాయంత్రాలు తిరిగాను. షెడ్లలో పని తొందరగా అయింది. ఇంకా తలమీది సిమెంటు దుమ్ము కడుక్కోని ఒక అమ్మ నన్ను చూసి నవ్వింది.

"గుడ్డే రాసుకో మేడమ్మా. రెండు రాసుకుంటే రెండు పెడ్తారా?"

"లేదక్కా, ఒకటే."

"సరే, ఒగటే రాయి. పెద్దది సూసి పెట్టమను."

పక్క షెడ్డులో ఆడవాళ్లు కూడా నవ్వారు. అందరూ గుడ్డే అన్నారు. ఒక్క ఇంట్లో కూడా కూర్చోమనడానికి కుర్చీ లేదు. బక్కెట్టు బోర్లించి దానిమీద తువ్వాలు వేసి కూర్చోమన్నారు.

మగ్గాల వీధిలో ఒక్కో ఇంటికి పావుగంట పట్టింది. ముందు మగ్గం ఆపాలి, అప్పుడుగానీ మాట వినపడదు. మా వీధిలో ఎక్కువ ఇళ్లలో గుడ్డు గడప దాటి రాదు. మా ఇంట్లోనూ అంతే. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక అవ్వ ఉంది. ఆమె మనవరాలు అప్పుడు నాలుగో తరగతి. అవ్వ నా చేతిలో కాగితం చూసి, అడగకముందే అంది.

"ఏమమ్మణ్ణీ, మన ఇంట్లో సంగతి నీకు తెల్దా? పండు రాయి. మచ్చలు పడింది వద్దు అని గూడా రాయి."

అలా రాయడానికి జాబితాలో గడి లేదు. పండు అని మాత్రం రాసుకున్నాను.

మొదటి వారం గందరగోళంగా గడిచింది. వంట చేసే అక్క ఒక్కతే. అన్నం, సాంబారు వడ్డించుకుంటూ మళ్లీ ఎవరికి గుడ్డు, ఎవరికి పండు అని గుర్తు పెట్టుకోవాలి. రెండో రోజే మా వీధి పిల్లవాడి పళ్లెంలో గుడ్డు పడింది. వాడు తినలేదు, తాకనైనా తాకలేదు. అయినా ఆ సాయంత్రం వాళ్లమ్మ గేటు దగ్గరికి వచ్చి, పళ్లెం మూడుసార్లు తోమించి, సొంత పళ్లెం ఇంటి నుంచి పంపిస్తానని చెప్పి వెళ్లింది. వంట అక్క నా మీద విసుక్కుంది.

"నేనేమన్నా కంప్యూటరా మిస్? ఎవురు తింటారో ఎవురు తినరో మొకం మీద రాసుంటాదా?"

అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. మరుసటి రోజు వరండాలో గోడ వైపు ఒక వరస, మెట్ల వైపు ఒక వరస కూర్చోబెట్టాను. గోడ వైపు గుడ్డు, మెట్ల వైపు పండు. అక్క ఒక చివర నుంచి బుట్ట పట్టుకుని పోతే చాలు. పది నిమిషాల్లో వడ్డన అయిపోయింది. ఎవరి పళ్లెంలోనూ తప్పు పడలేదు. హెడ్ మిస్ కుర్చీలోంచే చూసి, "ఇన్నేళ్లకు ఈ వరండాలో ఒకరికి బుద్ధి పుట్టింది" అంది. నాకు చాలా సంతోషమైంది. ఇంకో సంతోషం ఎవరికీ చెప్పలేదు. గొడవ లేకపోవడం వల్ల భోజనాల గంటలో నాకు ఇరవై నిమిషాలు మిగిలాయి. హాజరు పుస్తకం కింద కథల పుస్తకం పెట్టుకుని కిటికీ పక్కన చదువుకునేదాన్ని. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది: "ఈ రోజు భోజనాలు ప్రశాంతంగా జరిగాయి."

ఆ తర్వాత మూడు వారాల డైరీలో భోజనాల మాటే లేదు. నేను చదివిన పుస్తకాల సంగతులే ఉన్నాయి.

నేను చూడని ఆ మూడు వారాల్లో జరిగింది పెద్ద విషయమేమీ కాదు, చిన్న చిన్నవి. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి ఒక వరస వెళ్లి వచ్చాకే రెండో వరస వెళ్లడం మొదలుపెట్టింది. అలా వెళ్లమని ఎవరూ చెప్పలేదు. ఒక వరసలో లేచినవాళ్లు ఒకటిగానే తరగతిలోకి వచ్చి ఒకే బెంచీల్లో కూర్చోసాగారు. ఆటలకు జట్లు వేసుకునేటప్పుడు పిల్లలే పేర్లు పెట్టుకున్నారు, మొట్టె లైను, బాళెహణ్ణు లైను అని. కన్నడంలో గుడ్డు, అరటిపండు. ఖోఖోలో గెలిచినవాళ్లు అరుస్తుంటే నేను కిటికీలోంచి విని నవ్వుకున్నాను కూడా.

మొదటిసారి నాకు ఏదో సరిగ్గా లేదనిపించింది మూడో తరగతి పాప వల్ల. ఆ పాపది షెడ్లు. గుడ్డు వాసన పడదు. ఒక రోజు పళ్లెం పట్టుకుని మెట్ల వైపుకి వచ్చి చివర కూర్చుంది. పక్కనున్న మా వీధి పిల్లలు జరిగి, "ఇది మీ లైను కాదు, పో" అన్నారు. ఆ పాప నా వైపు చూసింది. నేను జాబితా చూశాను. అందులో గుడ్డు అని ఉంది. "మీ అమ్మ గుడ్డు అని చెప్పింది కదా, వెళ్లి అక్కడ కూర్చో" అన్నాను. పాప వెళ్లిపోయింది. గుడ్డు పక్కపిల్లకు ఇచ్చేసి అన్నం తిన్నది.

ట్రైనింగ్‌లో మాకు ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: బడికీ సమాజానికీ గల సంబంధాన్ని వివరించండి. బడి సమాజానికి అద్దం వంటిది అని మొదలుపెట్టి రెండు పేజీలు రాసేదాన్ని. మంచి మార్కులే వచ్చేవి. ఆ రోజు సాయంత్రం నా జవాబు తప్పని అనిపించింది. అద్దం ఉన్నదాన్ని చూపించి ఊరుకుంటుంది. మా ఊళ్లో మగ్గాల వీధికీ షెడ్లకీ మధ్య గోడ లేదు, గీత లేదు. ఎవరు ఎక్కడివాళ్లో అందరికీ తెలుసు, కానీ కూరగాయల బండి దగ్గర, బస్సులో కలిసే నిలబడతారు. ఆ గీత గీసింది మా వరండా. గీసి, రోజూ మధ్యాహ్నం దానిమీద పిల్లల్ని కూర్చోబెట్టింది. ఇంత తెలిసినా నేను మర్నాడు వరసలు మార్చలేదు. మారిస్తే వంట అక్కకు, హెడ్ మిస్‌కు, మా వీధి అమ్మలకు జవాబు చెప్పాలి. అంతమందితో మాట్లాడే ధైర్యం నాకు లేదు.

ఇక అవ్వ మనవరాలి సంగతి. నాలుగో తరగతిలో ఆ పాపా, షెడ్ల నుంచి వచ్చే ఇంకో పాపా రెండేళ్లుగా ఒకే బెంచీ. షెడ్డు పాపకు లెక్కలు నోటిమీద వస్తాయి, కన్నడం చదవడం కష్టం. మా వీధి పాప కన్నడం గడగడా చదువుతుంది, లెక్క అంటే కళ్లలో నీళ్లు. ఇద్దరికీ కలిపి ఒక రేకు పెన్సిల్ డబ్బా. వారం ఈమె ఇంట్లో, వారం ఆమె ఇంట్లో ఉండేది. వరసలు వచ్చాక డబ్బా ఎక్కడుందో నేను గమనించలేదు. ఒక రోజు మా వీధి పాప నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మిస్, నాకు గుడ్డు రాస్తారా?"

"ఇంట్లో అడిగావా?"

"అడిగినా మిస్."

"ఏమన్నారు?"

"సరే అన్నారు." నేల వైపు చూస్తూ చెప్పింది.

ఆ ఇంట్లో సరే అనరని నాకు తెలుసు. నాలుగిళ్ల అవతల ఇల్లు, అడిగి రావడానికి ఐదు నిమిషాలు పట్టదు. నేను అడగలేదు. పండు కొట్టేసి గుడ్డు అని రాశాను. ఎందుకు రాశానో డైరీలో లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పాప అంత గొంతు తెచ్చుకుని అడిగిందంటే కాదనడం నాకు చేతకాలేదనుకుంటాను. నాకూ అంత గొంతు తెచ్చుకోవడం ఎప్పుడూ కష్టమే.

అలా ఆ పాప గోడ వైపు వరసలోకి వెళ్లి స్నేహితురాలి పక్కన కూర్చుంది. గుడ్డు పళ్లెంలో పడగానే పక్క పళ్లెంలోకి వెళ్లిపోయేది. షెడ్డు పాపను మిగతా పిల్లలు 'రెండు గుడ్ల రాణి' అని ఏడిపించారు. ఆ రాణి నవ్వుతూనే రెండూ తినేది. మా వీధి పాప సాంబారన్నం తిని లేచేది. పది రోజులు అలా గడిచింది.

పండు వరసలో ఆ పాప చిన్నాయన కూతురు ఉంది, రెండో తరగతి. పదో రోజు ఇంటికి వెళ్లి చెప్పేసింది. శుక్రవారం భోజనాల తర్వాత మగ్గం ఆపేసి వాళ్ల నాన్న వచ్చాడు. చొక్కా మీద పట్టు పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి. చెప్పులు గేటు బయట విడిచి లోపలికి వచ్చాడు. కోపంలో కూడా మా వీధివాళ్లు బడిలోకి చెప్పులతో రారు.

"ఏమమ్మా, నా బిడ్డకు గుడ్డు రాసినావంట?"

"తనే అడిగిందన్నా..."

"తొమ్మిదేండ్ల బిడ్డ అడిగితే రాసేస్తావా? రేపు మీసాలు గావాలంటాది, పెట్టిస్తావా?"

వెనక వరండాలో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మీ ఇంట్లో తింటారా గుడ్డు?"

"లేదన్నా."

"నీ ఇంటికి లేని న్యాయం నా ఇంటికి యాడనుంచి తెస్తివి?" హెడ్ మిస్ వైపు తిరిగి కన్నడంలో చెప్పాడు. బిడ్డకు టి.సి. ఇచ్చేయండి, మెయిన్ రోడ్డు కాన్వెంట్‌లో చేర్పిస్తాను అన్నాడు. హెడ్ మిస్ ఇలాంటివి చాలా చూసింది. రాసిచ్చిన అర్జీ లేకుండా టి.సి. రాయకూడదు, సోమవారం అర్జీ తీసుకురండి అని మాత్రం అంది. ఆయన వెళ్లాక నన్నేమీ తిట్టలేదు. "పిల్ల పోతుంది చూడు" అని, కుర్చీలో కూర్చుంటూ, "బాగా చదివే పిల్ల" అంది. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

తరగతిలోకి వెళ్తే ఇద్దరు పాపలూ ఒకే బెంచీలో తలలు వంచుకుని కూర్చున్నారు. పెన్సిల్ డబ్బా మధ్యలో ఉంది. మూత తెరిచి, పెన్సిళ్లు రెండు వాటాలు వేసుకుంటున్నారు.

శనివారం ఒంటిపూట బడి. పాప రాలేదు. ఆదివారం పొద్దున నేను వాళ్లింటికి బయల్దేరాను. నాలుగిళ్లు దాటడానికి అరగంట పట్టింది. ఒకసారి మా గడప దాటి మళ్లీ లోపలికి వచ్చి నీళ్లు తాగాను. మా అమ్మ చూసి, "యాడికే? పెండ్లి చూపులకా?" అంది.

అవ్వ నడవలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లోపల మగ్గం నడుస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది గానీ వెళ్లమనలేదు. నేను పక్కన కూర్చుని ఖాళీ కండెలు అందించడం మొదలుపెట్టాను. ఈ పని నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. చేతుల్లో పని ఉంటే మాట కాస్త తేలిగ్గా వస్తుంది. ఐదారు కండెలు అయ్యాక అవ్వే అడిగింది.

"బిడ్డ గుడ్డు తిన్నాదా?"

"లేదవ్వా. ఒక్కనాడూ తినలేదు. పక్కన పాపకు ఇచ్చేసేది."

"మరి పండు?"

"గుడ్డు రాసినవాళ్లకు పండు ఇవ్వరు."

రాట్నం ఆగిపోయింది. "అంటే పది దినాలు వట్టి సాంబారన్నం తిన్నాదా బిడ్డ? నీ కండ్ల ముందరే? ఏం టీచరమ్మవే నువ్వు!" లోపలికి చూసి గట్టిగా పిలిచింది. "ఒరేయ్, మగ్గం ఆపురా! ఏమే, నువ్వూ ఇట్ల రా!"

మగ్గం ఆగింది. తండ్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పాప ఆయన వెనక నుంచి తొంగి చూసింది.

"యాలే పోతివి ఆ లైనుకి? గుడ్డు తినేదానికి కాదంట గదా?" అని అవ్వ అడిగింది.

"దాని పక్కన కూచునేదానికి."

"దానికి గుడ్డెందుకే? నీ పండు తీసుకోని పోయి దాని పక్కన కూచోరాదా?"

"కూచోకూడదు. మిస్ లైను పెట్టినాది."

ముగ్గురూ నా వైపు చూశారు. నా చేతిలో ఖాళీ కండె ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, వరసలు ఎలా వచ్చాయో చెప్పాను. వంట అక్క సంగతి, మూడుసార్లు తోమిన పళ్లెం సంగతి చెప్పాను. పది నిమిషాల్లో వడ్డన అయిపోతుందనీ చెప్పాను. పుస్తకం చదువుకున్న సంగతి కూడా చెప్పేశాను. అది చెప్పాల్సిన అవసరం లేదు. ఎందుకో దాచుకోబుద్ధి కాలేదు.

తండ్రి, "నేను సర్కారు ఆర్డరనుకుంటి" అన్నాడు. "నువ్వు పెట్టిందా!"

"నేనేనన్నా. రేపటి నుంచి ఉండదు."

"ఉండకపోతే ఏమైతాది? ఆ షెడ్ల పిల్లలు వచ్చి నా బిడ్డ పక్కన కూచుంటారు."

"రెండేళ్లుగా ఒకే బెంచీలో కూర్చుంటున్నారన్నా. మీకు తెలుసు కదా."

"తెలుసు." ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. గొంతులో కోపం లేదు. "గుడ్డు మాట కాదమ్మా. తినకుంటే తినదు, ఇచ్చేస్తాది, అది నాకు తెల్దా? పోయిన వారం చీరలు తీసుకోని ఆనేకల్ పోయింటి. షావుకారు అడిగినాడు, బిడ్డ యా ఇస్కూలప్పా అని. చెప్తి. ఓ, ఆ షెడ్ల ఇస్కూలా అన్నాడు. మా నాయన చదివిన ఇస్కూలు అది, నేను చదివిన ఇస్కూలు. ఇప్పుడు దాని పేరు షెడ్ల ఇస్కూలు." నా కళ్లలోకి చూశాడు. "నువ్వే పాఠం చెప్తావు గదా ఆడ. మీ తమ్మున్ని ఆడ ఏసినారా?"

మా తమ్ముడు మెయిన్ రోడ్డు కాన్వెంట్‌లోనే చదివాడు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ చర్చించలేదు. ఆడపిల్లను ఇక్కడ, మగపిల్లవాణ్ణి అక్కడ వేశారు, అంతే. నేను ట్రైనింగ్‌లో ఆ ప్రశ్నకు రెండు పేజీలు రాసేటప్పుడు తమ్ముడు గుర్తుకు రాలేదు.

"లేదన్నా" అన్నాను. తర్వాత ఉన్నదే చెప్పాను. "మీరు కాన్వెంట్‌కి పంపడం తప్పని చెప్పడానికి రాలేదు. మా ఇంట్లో పంపారు, మీరూ పంపొచ్చు. కానీ నా తప్పు వల్ల నడి సంవత్సరంలో పోకూడదు. ఇద్దరూ పెన్సిళ్లు పంచుకున్నారన్నా శుక్రవారం."

అవ్వ మళ్లీ రాట్నం తిప్పింది. "మార్చి దంకా ఉండనీరా" అంది కొడుకు వైపు చూడకుండా. "నడిమిట్ల కోస్తే పోగు తెగిపోతాది. కొంగు వచ్చినాక తియ్యి."

"మార్చి దంకానే" అన్నాడు తండ్రి. నాకు చెప్పాడో, అవ్వకు చెప్పాడో, పాపకు చెప్పాడో తెలియలేదు. లోపలికి వెళ్లాడు. మగ్గం మొదలైంది. ఇక మాట్లాడటానికి లేదు.

సోమవారం హెడ్ మిస్‌కు చెప్పడం అంత కష్టం కాలేదు. వంట అక్కకు చెప్పడమే కష్టమైంది.

"మళ్లీ మొదటికా? అరగంట ఎక్కువ పడ్తాది మిస్, చెప్తాండా."

"మీరు అన్నం వడ్డించండక్కా. బుట్టలు నేను పట్టుకుంటాను."

రెండు చేతుల్లో రెండు బుట్టలతో వెనక వెనకే నడిచాను. ఒక్కొక్కరి ముందు ఆగి, ఏది అని అడిగాను. జాబితా బుర్రలో ఉంది, అయినా అడిగాను. మొదటి రోజు పిల్లలు అలవాటుగా పాత వరసల్లోనే కూర్చున్నారు. ఇష్టం వచ్చిన చోట కూర్చోండి అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పగానే కలిసిపోతారనుకున్నాను. వేరు చేయడానికి ఒక్క రోజు చాలింది, కలవడానికి చాలలేదు. ఇద్దరు పాపలు మాత్రం వరండా మధ్యలో, రెండు వరసలకూ చెందని చోట, చతికిలబడ్డారు. ఒక పళ్లెంలో పండు, ఒక పళ్లెంలో గుడ్డు పెట్టాను. మచ్చలు లేని పండు ఏరి పెట్టాను. మూడో తరగతి పాప బుట్టల వైపు చూసి, నా వైపు చూసి, "పండు" అంది. షెడ్డుకు వెళ్లి వాళ్లమ్మను అడిగి జాబితాలో దిద్దాను. "దానికి పండు ఇష్టమంటే పండే పెట్టు మేడమ్మా. గుడ్డు బలమని సెప్తిని, దాని కడుపు నాకేం తెలుసు?" అంది ఆవిడ.

మా వీధి నుంచి ఇద్దరు అమ్మలు వచ్చి నిలదీశారు. పళ్లెంలో తప్పు పడితే బాధ్యత నాది అని రెండుసార్లు చెప్పాను. రెండోసారి గొంతు వణకలేదు. కొంతమంది పిల్లలు మార్చి దాకా మెట్ల వైపే కూర్చున్నారు. నేను లేపలేదు. భోజనాల గంటలో పుస్తకం తెరవడం మానేశాను. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక రోజు చూస్తే బెంచీలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఎప్పుడు అలా అయ్యాయో నేను పట్టుకోలేకపోయాను.

పరీక్షలయ్యాక అవ్వ కొడుకు అన్న మాట ప్రకారం అర్జీ తెచ్చాడు. టి.సి. నేనే రాశాను. బడి మానడానికి కారణం అనే గడిలో 'తల్లిదండ్రుల కోరిక' అని రాయడం వాడుక. అదే రాశాను. లెక్కల్లో ఆ పాపకు ఆ ఏడు మంచి మార్కులు వచ్చాయి. షెడ్డు పాప కన్నడం పాఠం నిలబడి చదివింది, రెండు చోట్ల ఆగింది. టి.సి. తీసుకుంటూ ఆయన, "నీ మీద కోపం లేదమ్మా" అన్నాడు. "తెలుసన్నా" అన్నాను. నిజంగానే తెలుసు. అదే బాధ. కోపమైతే ఏదో ఒకటి చేసి తీర్చొచ్చు.

జూన్‌లో నన్ను మళ్లీ పిలిచారు. షెడ్డు పాప ఐదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుంది, పక్కన మూడో తరగతి నుంచి పైకి వచ్చిన, గుడ్డు పడని పాప. మా బడిలో నాలుగు, ఐదు తరగతులకు ఒకే గది. ఒక పొద్దున మా వీధి మలుపులో కాన్వెంట్ వ్యాను కోసం నిలబడి అవ్వ మనవరాలు కనిపించింది. మెడలో టై, కాళ్లకు నల్ల బూట్లు. నన్ను చూసి అలవాటుగా చేతులు కట్టుకుంది.

"ఎలా ఉంది కొత్త బడి?"

"బాగుండాది మిస్. గోడకు టీవీ ఉండాది."

"భోజనం?"

"ఎవురి డబ్బా వాళ్లదే. గుడ్డు తేకూడదని కాగితం ఇచ్చినారు. అందరూ ఒక్క తీరే."

"నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

కాస్త ఆలోచించింది. "నంబరు ప్రకారం కూచోబెడ్తారు మిస్. నా పక్కనుండే పాప ఇంగ్లీషులోనే మాట్లాడ్తాది. నేనింకా ఏం మాట్లాళ్లేదు."

వ్యాను వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, అద్దం జరిపి అడిగింది.

"మిస్, దానికి ఇప్పుడు కన్నడం ఎవురు చదివిస్తారు?"

"నేను చదివిస్తున్నాను" అన్నాను. "నీకు లెక్కలు?"

"ట్యూషన్ పెట్టినారు" అంది పాప. వ్యాను కదిలింది. నేను బడి వైపు నడిచాను.